వీల్‌చెయిర్ నుంచి సొంతంగా దిగడం: ఏ పద్ధతి ఎవరికి నప్పుతుంది?

వీల్‌చెయిర్ వాడే పదిమందిని ఒకచోట కూర్చోబెట్టి ‘మంచం మీదికి ఎలా వెళ్తారు?’ అని అడిగి చూడండి. పది జవాబులు వస్తాయి. ఒకరు రెండు చేతుల మీద ఒంటిని లేపి ఒక్క ఊపులో పక్కకు వెళ్లిపోతారు. ఒకరు కుర్చీకీ మంచానికీ మధ్య వంతెనలా బోర్డు వేసుకుని దాని మీద కొంచెం కొంచెంగా జరుగుతారు. ఇంకొకరు ఒక కాలి మీద లేచి, తిరిగి, కూర్చుంటారు. రెండు కాళ్లూ తొడల దగ్గర తీసేసినవాళ్లు కుర్చీని మంచానికి ఎదురుగా ఆనించి నేరుగా ముందుకే వెళ్లిపోతారు. వీళ్లందరూ సొంతంగా దిగేవాళ్లే. కానీ ఆ ఒక్క మాట కింద ఉన్న శరీరాలకు ఒకదానితో ఒకటి పోలికే ఉండదు.

నాకు వెన్నుపాము దెబ్బతిని 19 ఏళ్లయింది. గాయం టి10 (వెన్నుపాము ఛాతీ భాగంలో పదో స్థాయి) దగ్గర. అంటే బొడ్డు దగ్గర్నుంచి కిందికి స్పర్శ లేదు, కదలిక లేదు. చేతులు మాత్రం పూర్తిగా పనిచేస్తాయి. మొదటి 12 ఏళ్లు నాకు ఒక్కటే పద్ధతి తెలుసు: చేతులు ఆనించు, లేపు, దూకు. ఎంత వేగంగా దూకితే అంత బాగా కోలుకున్నట్టు లెక్క అనుకునేవాణ్ణి. తర్వాత కుడి భుజం దెబ్బతింది. రాత్రి ఆ పక్కకు ఒత్తిగిల్లి పడుకోలేను, పై అరలో ఉన్న పుస్తకం అందుకోలేను. నాలుగు నెలలు బోర్డు మీదే జరిగాను. మిగతా పద్ధతుల గురించి, వాటిని వాడే మనుషుల గురించి నిజంగా తెలుసుకున్నది ఆ నాలుగు నెలల్లోనే.

అప్పటినుంచి కొత్తగా వీల్‌చెయిర్‌లోకి వచ్చినవాళ్లు ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను. జబ్బు పేరు చూసి పద్ధతి ఎంచుకోవద్దు. ఒంట్లో ఏం మిగిలి ఉందో చూసి ఎంచుకోండి. ఆ మిగిలినది ఇరవై ఏళ్ల తర్వాత కూడా మిగిలేలా ఎంచుకోండి.

ముందు ఒంటిని లెక్క చూసుకోవాలి

అన్నిటికంటే ముందు మోచేయి. చేతిని చాచి, దాని మీద బరువు వేసినా మోచేయి మడత పడకుండా నిలబెట్టేది మోచేతికి పైన, చేయి వెనక ఉండే ట్రైసెప్స్ కండరం. అది ఉంటే ఒంటిని పైకి లేపొచ్చు. లేకపోతే లేపడం చాలా కష్టం, కానీ జరపడానికి దారి ఉంది. ఆ సంగతి కింద చెబుతాను.

రెండోది నడుము పట్టు. చేతులు రెండూ ఒడిలో పెట్టుకుని, వీపు ఆనించకుండా పది సెకన్లు కూర్చోగలరా? కూర్చోలేకపోతే చేతులు రెండు పనులు చేయాల్సి వస్తుంది: ఒంటిని లేపడం, పడిపోకుండా ఆపడం. ఒకే గాయం ఉన్న ఇద్దరిలో ఒకరికి సులువైన పద్ధతి ఇంకొకరికి కష్టం కావడానికి చాలాసార్లు కారణం ఇదే.

మూడోది కాళ్లు. నడవలేకపోయినా కాళ్ల మీద అయిదారు సెకన్లు బరువు మోపగలవాళ్లు చాలామంది ఉన్నారు. పక్షవాతం, సెరెబ్రల్ పాల్సీ (పసితనంలోనే మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పడం), మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాముల్లో నరాల పైపొర దెబ్బతినే జబ్బు), అసంపూర్ణ వెన్నుపాము గాయం (కొంత కదలికో స్పర్శో మిగిలే గాయం) ఉన్నవాళ్లలో ఇది మామూలు. ఆ అయిదారు సెకన్లు ఉంటే పద్ధతే మారిపోతుంది.

ఇక స్పర్శ. దీన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. పోలియో వచ్చినవాళ్లకు కండరాలు పోతాయి కానీ స్పర్శ పోదు. పిరుదు కింద ఏదైనా నొక్కుకుంటే వెంటనే తెలుస్తుంది. నాకు తెలియదు. స్పైనా బిఫిడా (పుట్టుకతోనే వెన్నెముక పూర్తిగా మూసుకోకపోవడం) ఉన్న చాలామందికి కూడా కింది భాగంలో తెలియదు. చక్రానికి ఒరుసుకుపోయినా, బోర్డు మీద చర్మం లాగుకుపోయినా మాకు కబురు అందదు. సాయంత్రం అద్దంలో ఎర్ర మచ్చ కనిపించినప్పుడే తెలుస్తుంది. అందుకే స్పర్శ లేనివాళ్లు పద్ధతి ఎంచుకునేటప్పుడు చేతి బలంతో పాటు చర్మాన్నీ అడగాలి.

చివరిది రోజులో మార్పు. పొద్దున ఉన్న బలం సాయంత్రానికి ఉంటుందా? కాళ్లు ఉన్నట్టుండి బిగుసుకుపోతాయా? దీనికి జవాబు ‘ఒక్కో రోజు ఒక్కోలా’ అయితే మీకు ఒక పద్ధతి సరిపోదు, రెండు కావాలి.

చేతుల మీద లేచి పక్కకు వెళ్లడం

చేతులు బలంగా ఉన్న పారాప్లీజియా (రెండు కాళ్లూ చచ్చుబడిన) వాళ్లకు, కాళ్లకే పోలియో సోకినవాళ్లకు ఇది సహజంగా అబ్బుతుంది. సామాను అక్కర్లేదు, వేగంగా అయిపోతుంది, ఎక్కడికి వెళ్లినా పనికొస్తుంది. సరిగ్గా చేస్తే చర్మానికి కూడా ఇదే మేలు, ఎందుకంటే ఒళ్లు గాల్లో దాటుతుంది, రాసుకోదు.

కానీ సరిగ్గా చేసేవాళ్లు తక్కువ. నేను 12 ఏళ్లు తప్పుగా చేశాను కాబట్టి ఇప్పుడు ఎలా చేస్తున్నానో వివరంగా చెబుతాను.

కుర్చీని మంచానికి పూర్తిగా సమాంతరంగా పెట్టను, కొంచెం ఏటవాలుగా పెడతాను. 20 నుంచి 45 డిగ్రీల మధ్య ఎంతైనా ఫర్వాలేదు. తర్వాత కుర్చీని ఒక జానెడు వెనక్కి లాగుతాను. అలా లాగితే ముందున్న చిన్న చక్రాలు తిరిగి ముందుకు చూస్తాయి. దానివల్ల కుర్చీ అడుగు పొడవవుతుంది, నేను ముందుకు వంగినప్పుడు తలకిందులు కాదు. బ్రేకులు వేసి, పాదాలు నేల మీద పెట్టి, సీటు అంచు దాకా ముందుకు జరుగుతాను. ఈ జరగడం మానేస్తే పిరుదులు వెళ్లే దారిలో పెద్ద చక్రం అడ్డం వస్తుంది. చర్మం గీరుకుపోయేది అక్కడే. మంచం వైపు చేతిని దూరంగా చాచి పెట్టను. తుంటి దిగాల్సిన చోటికి కొద్దిగా అవతల, ఒంటికి దగ్గరగా పెడతాను. పరుపు అంచు దొరికితే వేళ్లు అంచు మీంచి కిందికి వేలాడేలా పట్టుకుంటాను, దాంతో మణికట్టు మరీ వెనక్కి విరగదు. రెండో చేయి సీటు ఫ్రేము మీద.

ఇప్పుడు అసలు కిటుకు. తల ఎటు పోతే పిరుదులు దానికి ఎదురు దిక్కుకు పోతాయి. మంచం ఎడమవైపు ఉంటే తలను ముందుకు, కుడివైపుకు వంచాలి. భయంతో మనం చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. మంచం కేసి చూస్తూ, తలను అటే తీసుకెళ్తాం. అప్పుడు పిరుదులు కుర్చీలోనే ఇరుక్కుంటాయి, చేతులతో లాక్కోవాల్సి వస్తుంది. ముందుకు వంగి తలను మంచానికి ఎదురు దిక్కుకు తిప్పిన క్షణంలో ఒళ్లు తేలికవుతుంది. తక్కెడలో ఒక పళ్లెం దిగితే రెండోది లేచినట్టు. నాకు ఈ సంగతి 12 ఏళ్ల తర్వాత ఒక ఫిజియోథెరపిస్ట్ రెండు నిమిషాల్లో చూపించారు. ఆ రోజు నేను ఎంత బాధపడ్డానో ఎంత సంతోషించానో చెప్పలేను.

ఈ పద్ధతిలో నష్టమంతా భుజానిది. భుజం కీలు చేతిని అటూ ఇటూ ఊపడానికి తయారైంది కానీ ఒంటి బరువు మోయడానికి కాదు. నేను ఒక రోజు లెక్కపెట్టుకున్నాను: మంచం, టాయిలెట్, స్నానం, కారు, సోఫా, మళ్లీ వెనక్కి అన్నీ కలిపి 16 సార్లు. ఏడాదికి 5,840. అమెరికాలో వెన్నుపాము వైద్య నిపుణుల సంఘాల కూటమి అయిన కన్సార్టియం ఫర్ స్పైనల్ కార్డ్ మెడిసిన్ 2005లో చేతుల సంరక్షణ గురించి ఇచ్చిన మార్గదర్శకాల్లో సాధ్యమైనంతవరకు సమాన ఎత్తుల మధ్యే దిగమని, ముందుండే చేతిని మార్చి మార్చి వాడమని చెప్పింది. చేతుల్లో నొప్పి, బలహీనత ఉంటే బోర్డు వంటి సాయం వాడమని కూడా చెప్పింది. నేను ఈ మాటలు పట్టించుకున్నది భుజం పోయాక.

బోర్డు

బోర్డు వాడితే ‘సొంతంగా’ దిగినట్టు కాదనే అభిప్రాయం మనలో ఎక్కడో పాతుకుపోయి ఉంది. అది తప్పు. రోజువారీ పనులు ఎంత స్వతంత్రంగా చేస్తున్నారో చూడడానికి పునరావాస కేంద్రాల్లో వాడే ఎఫ్‌ఐఎం అనే కొలమానంలో ఏ సాయం లేకుండా చేస్తే 7, పరికరంతో చేస్తే 6. ఇంకో మనిషి పక్కన ఉండి చూసుకోవాల్సి వస్తేనే మార్కు 5కు దిగుతుంది, చేయి పడితే ఇంకా కిందికి. కొలిచేవాళ్లే స్వతంత్రం అంటున్నప్పుడు మనం సిగ్గుపడాల్సిన పనేముంది?

బోర్డు మంచి పని చేసేది మూడు సందర్భాల్లో. ఒంటిని పూర్తిగా లేపే బలం లేనప్పుడు, మధ్యలో ఖాళీ ఎక్కువ ఉన్నప్పుడు (కారు సీటు దీనికి మంచి ఉదాహరణ), భుజానికి విశ్రాంతి కావాల్సినప్పుడు. మూడోదానికి చేతులు, భుజాలు బాగున్నవాళ్లు కూడా వాడొచ్చు. నేను ఇప్పటికీ రాత్రి ఆఖరిసారి మంచం ఎక్కేటప్పుడు బోర్డే వేసుకుంటాను.

బోర్డుల్లో రకాలున్నాయి. తిన్నగా ఉండే చెక్క బోర్డు గట్టిది, ఎక్కువ కాలం మన్నుతుంది. వంపు తిరిగినది చక్రం చుట్టూ తిరిగి వెళ్లడానికి, ఆర్మ్‌రెస్ట్ తీయలేని కుర్చీలకు బాగుంటుంది. కొన్నిటి మీద జారే బిళ్ల ఉంటుంది, దాని మీద కూర్చుంటే బిళ్లతో పాటు జరుగుతాం. స్పర్శ లేనివాళ్లకు, చేతి బలం బాగా తక్కువ ఉన్నవాళ్లకు నేను ఈ చివరిదే చూడమంటాను. బరువుగా ఉంటుంది, మోసుకెళ్లడం కష్టం, కానీ చర్మం లాగుకుపోదు. మామూలు బోర్డు అయితే బట్ట లేకుండా దాని మీద జరగకండి. తడి ఒంటితో అసలు వద్దు. స్నానం తర్వాత చర్మం బోర్డుకు అతుక్కుని, లోపలి ఎముక మాత్రం ముందుకు కదులుతుంది. ఆ ఒరిపిడే పుండుకు మొదలు.

బోర్డును తొడ కింద ఏటవాలుగా పెట్టాలి, నేరుగా పిరుదుల మధ్యకు తోయకూడదు. వేళ్లు బోర్డు అంచు కిందికి పోకుండా చూసుకోవాలి. మగవాళ్లకు ఒక హెచ్చరిక: బోర్డు కింద, తొడల మధ్య ఏమీ నలగకుండా చేత్తో తడిమి చూసుకోండి. గాయం టి6 దగ్గర గానీ, అంతకంటే పైన గానీ ఉన్నవాళ్లకు ఆడ, మగ తేడా లేకుండా ఇది ఇంకా ముఖ్యం. మీకు నొప్పి తెలియకపోయినా, అలా నలిగితే బీపీ ఒక్కసారిగా ప్రమాదకరంగా పెరిగిపోవచ్చు. తల పగిలేంత నొప్పి, ముఖం ఎర్రబడడం, చెమటలు పట్టడం దానికి గుర్తులు. వెంటనే నిటారుగా కూర్చుని, నొక్కుకున్నది తీసేయాలి. తగ్గకపోతే అది ఎమర్జెన్సీ.

లేచి తిరిగి కూర్చోవడం

ఒక్క కాలైనా అయిదారు సెకన్లు బరువు మోయగలిగితే ఇది అన్నిటికంటే భుజానికి దయగలది. చర్మానికి కూడా ఒరిపిడి ఉండదు. అయితే పడితే పెద్ద ఎత్తు నుంచి పడతాం. నిలబడగానే కళ్లు తిరిగేవాళ్లు, మోకాలు ఉన్నట్టుండి మడత పడేవాళ్లు దీన్ని ఒంటరిగా చేయకూడదు.

ఇది ఎక్కువ వాడేది పక్షవాతం వచ్చినవాళ్లు. సాధారణంగా బాగున్న వైపు మంచం ఉండేలా కుర్చీ పెట్టమని చెబుతారు. మొదటి రోజుల్లో అది సరే. కానీ ఆ వైపుకే వెళ్లిన మనిషి తిరిగి కుర్చీలోకి రావాలంటే బలహీనమైన వైపుకే రావాలి కదా! టాయిలెట్‌లో గోడ ఒక పక్కనే ఉంటుంది, పట్టుకునే కడ్డీ ఆ గోడకే ఉంటుంది. అక్కడ ఎటు నుంచి వెళ్లాలో మీరు నిర్ణయించరు, గోడ నిర్ణయిస్తుంది. అందుకే రెండు వైపులా సాధన చేయకుండా ఇంటికి పంపితే ఆ శిక్షణ సగమే అయినట్టు. పనిచేయని చేతిని లాగి లేపడం ఎవరూ చేయకూడదు. ఆ భుజం కీలు అప్పటికే వదులుగా ఉంటుంది.

మెదడు కుడివైపు దెబ్బతిన్నవాళ్ల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. వాళ్లకు ఎడమ చేయి, కాలు బలహీనం కావడమే కాదు, కొందరికి ఎడమవైపు ప్రపంచమే గమనికలోకి రాదు. ఎడమ బ్రేకు వేయడం మర్చిపోతారు, ఎడమ పాదం ఫుట్‌రెస్ట్ మీదే వదిలేసి లేస్తారు. బలం సరిపోతున్నా ఒంటరిగా దిగడం సురక్షితం కాని సందర్భం ఇది. ఎడమ బ్రేకు పిడికి ఎర్రటి గుడ్డ చుట్టుకోవడం, ప్రతిసారీ ‘బ్రేకు, పాదం, అంచు’ అని పైకి అనుకోవడం కొందరికి బాగా పనిచేసింది.

సెరెబ్రల్ పాల్సీ ఉన్న చాలామందిలో కాళ్లు కత్తెరలా దగ్గరకు లాక్కోవడం, చిన్న శబ్దానికే ఒళ్లు ఉలిక్కిపడడం ఉంటాయి. వాళ్లకు వేగం శత్రువు. ‘త్వరగా రా’ అని ఎవరైనా పక్కనుంచి తొందరపెడితే కండరాలు ఇంకా బిగుసుకుంటాయి. పాదాలు రెండూ నేల మీద పూర్తిగా ఆనే వరకు ఆగి, ఊపిరి వదులుతూ లేవడమే మేలు.

ఎదురుగా వెళ్లడం

రెండు కాళ్లూ పై భాగంలో తీసేసినవాళ్లకు పక్క పద్ధతి కంటే ఇదే హాయి. కాళ్ల బరువు ముందు లేదు కాబట్టి ఒంటి బరువంతా వెనక చక్రాల మీదికి పోతుంది. కుర్చీ వెనక్కి తిరగబడే భయం ఎక్కువ. అలాంటివాళ్ల కుర్చీలకు వెనక చక్రాలను ఇంకా వెనక్కి అమరుస్తారు, లేదా వెనక ఆపే చిన్న చక్రాలు పెడతారు. కుర్చీ ముందు భాగాన్ని మంచానికి ఆనించి, బ్రేకులు వేసి, రెండు చేతుల మీద ముందుకు జరిగితే చాలు. తిరిగి వచ్చేటప్పుడు వీపు కుర్చీ వైపు పెట్టి వెనక్కి జరగాలి. మధ్యలో ఖాళీ ఉండదు, ఒంటిని మెలిపెట్టాల్సిన పని లేదు. కాళ్లు ఉన్నా బాగా బిగుసుకుపోయి పక్కకు తిప్పలేనివాళ్లు కూడా కాళ్లను ముందే మంచం మీదికి ఎత్తి పెట్టుకుని ఇలా వెళ్తారు.

ఇబ్బంది ఒకటే. మంచానికి, వెడల్పాటి సోఫాకు ఇది పనికొస్తుంది, కారుకు, మామూలు టాయిలెట్‌కు పనికిరాదు. కాబట్టి ఇదొక్కటే నేర్చుకుని ఆగిపోకూడదు.

మెడ దగ్గర గాయమైనవాళ్ల సంగతి

పైన మోచేయి గురించి చెప్పి ఆపాను. ‘సి’ అంటే వెన్నుపాము మెడ భాగం, అంకె పెరిగే కొద్దీ గాయం కిందికి ఉన్నట్టు. సి7 దగ్గర గాయమైతే ట్రైసెప్స్ ఉంటుంది, సమాన ఎత్తుల మధ్య సొంతంగా దిగడం చాలామందికి సాధ్యం. సి5 అయితే దాదాపుగా సాధ్యం కాదు. ఈ రెండింటి మధ్య సి6 ఉంది. ట్రైసెప్స్ లేదు, వేళ్లు కదలవు, మణికట్టును మాత్రం పైకి లేపగలరు. చూసేవాళ్లకు ఇది అసాధ్యంలా కనిపిస్తుంది.

నాతో పాటు శిక్షణ తీసుకున్న ఒక సి6 మిత్రుడు దీన్ని ఎలా చేసేవాడో నేను దగ్గరగా చూశాను. చేతిని వెనక్కి, బయటికి తిప్పి, అరచేయి పరుపు మీద పెట్టి, మోచేతిని భుజం కండరాల సాయంతో విసిరినట్టు చాచేవాడు. మోచేయి తలుపు గొళ్లెం పడ్డట్టు బిగుసుకునేది. అలా ఎముకలే స్తంభంలా నిలబడితే దాని మీద బరువు వేసి, తలను ఎదురు దిక్కుకు విసిరి, బోర్డు మీద రెండు మూడు అంగుళాలు జరిగేవాడు. మళ్లీ మొదటినుంచి. మంచం చేరడానికి ఎనిమిది నిమిషాలు పట్టేది. అతన్ని తొందరపెట్టడానికి వచ్చినవాళ్లను నేను ఆపేవాణ్ణి.

సి6 గాయం ఉన్నవాళ్లు తప్పకుండా గుర్తుంచుకోవాల్సింది వేళ్ల సంగతి. సి6 వాళ్లు మణికట్టు పైకి లేపితే వేళ్లు వాటంతట అవే ముడుచుకుంటాయి. గ్లాసు, స్పూను పట్టుకునేది ఆ ముడుపుతోనే. అరచేయి చాపి, వేళ్లు కూడా చాపి దాని మీద ఒంటి బరువు వేస్తూ పోతే ఆ స్నాయువులు సాగిపోతాయి, పట్టు పోతుంది. కాబట్టి వేళ్లు ముడిచే ఉంచి బరువు వేయాలి. దిగడం నేర్చుకునే తొందరలో తినే చేతిని పోగొట్టుకోకూడదు.

సి6 వాళ్లందరూ సొంతంగా దిగి తీరాలని నేను అనను. ఎనిమిది నిమిషాల శ్రమ పొద్దున్నే పెట్టి, మిగిలిన రోజంతా అలసటతో గడపడమా, లేక ఒకరి సాయంతోనో మనిషిని ఎత్తే లిఫ్ట్ యంత్రంతోనో లేచి ఆ బలాన్ని ఉద్యోగానికి, చదువుకు వాడుకోవడమా అన్నది వాళ్ల ఇష్టం. నా మిత్రుడు సెలవు రోజుల్లో సొంతంగా లేస్తాడు, పని రోజుల్లో సాయం తీసుకుంటాడు. నాకు తెలిసినంతలో ఇంతకంటే తెలివైన ఎంపిక లేదు.

బలం మారుతూ ఉండేవాళ్లు, తగ్గుతూ పోయేవాళ్లు

మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో అలసట, వేడి రెండూ బలాన్ని లాగేస్తాయి. వేడి నీళ్ల స్నానం చేసి బయటికి వచ్చేసరికి, లోపలికి వెళ్లేటప్పుడు నిలబడ్డ కాళ్లు నిలబడవు. కాబట్టి స్నానాల గదిలోకి లేచి తిరిగి కూర్చునే పద్ధతిలో వెళ్లినా, వచ్చేటప్పటికి బోర్డు చేతికందేలా పెట్టుకోవాలి. పైన రెండు పద్ధతులు కావాలన్నది ఇలాంటివాళ్లకే.

కండరాల క్షీణత వేరు. అక్కడ ముందుగా బలహీనమయ్యేవి చాలాసార్లు తుంటి, భుజాల చుట్టూ ఉన్న కండరాలు. కింద నుంచి పైకి లేవడం మొదట పోతుంది, పై నుంచి కిందికి జారడం చాలాకాలం మిగిలే ఉంటుంది. సీటు ఎత్తు పెంచగల పవర్ వీల్‌చెయిర్ ఇలాంటివాళ్లకు విలాసం కాదు. వెళ్లేటప్పుడు సీటు కొంచెం పైకి, వచ్చేటప్పుడు కొంచెం కిందికి పెట్టుకుంటే రెండు దారులూ పల్లమే అవుతాయి. ‘కసరత్తు చేస్తే బలం వస్తుంది’ అని ఒంటిని అలిసిపోయేదాకా తోసుకోవడం వీళ్లకు మంచిది కాదు.

పోలియో వచ్చి ముప్ఫై, నలభై ఏళ్లు గడిచాక కొందరికి కొత్త బలహీనత, అలసట మొదలవుతాయి. జీవితమంతా చేతుల మీదే బతికినవాళ్లకు ఇది మనసును కుంగదీస్తుంది. ‘సోమరితనం’ అని ఎవరైనా అంటే నమ్మకండి, దానికి పోస్ట్ పోలియో సిండ్రోమ్ అనే పేరు ఉంది. దూకడం తగ్గించి బోర్డుకు మారడమే అప్పుడు సరైన పని. కీళ్లవాతం ఉన్నవాళ్లు వేళ్ల కణుపుల మీద కాకుండా ముంజేతుల మీద బరువు వేసేలా ఎత్తైన, వెడల్పాటి ఆర్మ్‌రెస్టులు చూసుకోవాలి.

పద్ధతి కంటే ఎత్తు ముఖ్యమైన చోట

ఏ పద్ధతి అయినా పైకి ఎక్కడం సమాన ఎత్తుకు వెళ్లడం కంటే చాలా కష్టం. పద్ధతి మార్చే ముందు టేపు పట్టుకుని కొలవండి. కుర్చీని కుషన్‌తో, మీరు కూర్చుని ఉండగా కొలవాలి. మంచాన్ని కూడా ఎవరైనా కూర్చుని ఉండగానే కొలవాలి, ఎందుకంటే మెత్తటి పరుపు బరువు పడగానే నాలుగైదు సెంటీమీటర్లు దిగిపోతుంది. వెళ్లేటప్పుడు హాయిగా ఉండి వచ్చేటప్పుడు చచ్చేంత కష్టమవుతుంటే దోషం ఆ పరుపుదే. గట్టి పరుపు, గట్టి అంచు ఉంటే సగం సమస్య పోతుంది.

బయట మన చేతుల్లో లేదు. అమెరికాలో వికలాంగులకు అందుబాటు ప్రమాణాలు రూపొందించే ప్రభుత్వ సంస్థ యాక్సెస్ బోర్డు, ఆస్పత్రుల్లో పరీక్ష బల్లలు 17 అంగుళాల దాకా దిగాలా, 19 చాలా అన్నదాని మీద ఏళ్ల తరబడి చర్చించి, 2024లో 17 అంగుళాలు, అంటే సుమారు 43 సెంటీమీటర్లు అని ఖాయం చేసింది. రెండు అంగుళాల కోసం అంత చర్చ ఎందుకు అనుకునేవాళ్లు ఒక్కసారి చేతుల మీద రెండు అంగుళాలు పైకి ఎక్కి చూడాలి. మీరు వెళ్లే చోట బల్ల ఎత్తుగా ఉంటే ‘నేను సొంతంగా దిగుతాను’ అన్న మాటకు కట్టుబడి ప్రాణం మీదికి తెచ్చుకోకండి. దించమనండి, లేదా సాయం అడగండి.

నేల నుంచి కుర్చీలోకి ఎక్కడం మాత్రం వేరే విద్య. మధ్యలో ఒక పొట్టి స్టూలు పెట్టుకుని రెండు మెట్లుగా ఎక్కడం చాలామందికి సాధ్యమవుతుంది. అది రోజూ చేయాల్సినది కాదు, పడినప్పుడు తెలిసి ఉండాల్సినది.

నేను పడ్డ రోజు

గాయమైన ఆరో ఏట ఒక రాత్రి మంచం ఎక్కుతుంటే కుర్చీ వెనక్కి జారింది. బ్రేకులు వేసే ఉన్నాయి. కానీ టైర్లలో గాలి తగ్గింది. చాలా కుర్చీల్లో బ్రేకు అంటే టైరును నొక్కే ఒక కడ్డీ మాత్రమే, గాలి లేకపోతే నొక్కడానికి ఏమీ ఉండదు. మంచానికీ కుర్చీకీ మధ్య కూలబడ్డాను, ఎడమ కాలు కింద మడత పడింది. నొప్పి తెలియలేదు కాబట్టి పైకెక్కి పడుకున్నాను. మూడో రోజు మోకాలు వాచి వేడిగా ఉంటే ఎక్స్‌రే తీశారు. తొడ ఎముక మోకాలి దగ్గర విరిగింది. బరువు మోయని ఎముకలు గుల్లబారిపోతాయని, చిన్న మెలికకే విరుగుతాయని అప్పుడు తెలిసింది. పడిన తర్వాత నొప్పి లేదంటే దెబ్బ లేదని కాదు. వాపు, వేడి, కాలు ఆకారంలో తేడా ఉన్నాయేమో చూసుకోండి, అనుమానం ఉంటే ఎక్స్‌రే తీయించుకోండి. గాలి మాత్రం వారానికోసారి బొటనవేలితో నొక్కి చూస్తున్నాను.

కొత్త పద్ధతి మొదలుపెట్టేటప్పుడు

ఫిజియోథెరపిస్ట్ గానీ, ఆక్యుపేషనల్ థెరపిస్ట్ గానీ ఎదురుగా ఉండగా మొదలుపెట్టండి. అది కుదరకపోతే కనీసం ఒకరు మీ ముందు, మోకాళ్లకు ఎదురుగా నిలబడాలి. వెనక నిలబడితే మీరు ముందుకు పడేటప్పుడు వాళ్లు చేయగలిగింది ఏమీ ఉండదు. మీ చంకల కింద చేతులు పెట్టి లేపనివ్వకండి. పొద్దున, ఒళ్లు అలసిపోకముందు, పొడి బట్టలతో, కుర్చీకి సమానమైన ఎత్తున్న గట్టి మంచం మీదికి ప్రయత్నించండి. ప్యాంటు వెనక జేబులు, గట్టి కుట్లు లేనిది వేసుకోండి.

మొదటి వారం రోజూ రాత్రి పిరుదులు, తోకఎముక, మడమలు అద్దంలో చూసుకోండి. ఎర్ర మచ్చ కనిపిస్తే వేలితో నొక్కండి. నొక్కితే తెల్లబడి, అరగంటలో పోతే ఫర్వాలేదు. ముదురు రంగు చర్మం మీద ఎరుపు సరిగ్గా కనిపించదు, అక్కడ వేడిగా ఉందా, గట్టిపడిందా అని చేత్తో తడిమి చూడాలి. అరగంట తర్వాత కూడా మచ్చ ఉంటే ఆ చోట బరువు పడకుండా పడుకోండి, మర్నాడు ఆ పద్ధతి ఆపి, ఒళ్లు ఎక్కడ రాసుకుంటోందో ఎవరినైనా పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీయమనండి. నా విషయంలో ఆ వీడియోలో కనిపించింది కుర్చీ పక్క రేకు మీద ఒక స్క్రూ తల, బఠాణీ గింజంత.